ఆటలో అభిమానికి పాలెంత?

సభ్యుడు అన్న మాటకు వ్యాకరణం చెప్పే అర్థం చాలా పెద్దది. సభకు తగినవాడు సభ్యుడు. పాణిని ఈ మాట కోసం ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు. సభలో కూర్చునే అర్హత, నోరు విప్పి తన మాట చెప్పే అర్హత రెండూ ఉన్నవాడని తాత్పర్యం. అసభ్యం అన్న మాటను మనం ఈనాడు ఎంత తేలికగా వాడినా దాని మొదటి అర్థం సభకు తగనిదనే.

ఇంతటి మాట ఇప్పుడు ఆటల లీగుల వారి చేతికి చిక్కింది. ఇన్ని రూపాయలు కట్టండి, మా జట్టు కుటుంబంలో సభ్యులు కండి అని దేశదేశాల్లో పిలుపులు వినబడుతున్నాయి. కట్టినవాడికి దక్కేదేమిటని చూస్తే, ఒకచోట టికెట్ల అమ్మకంలో నలుగురికంటె ముందు నిలబడే వీలు, ఒకచోట ఫోనులో ఆట చూసే అనుమతి, ఇంకొకచోట జట్టు రంగుల చొక్కా మీద కాస్త తగ్గింపు. ఇంగ్లాండులోని పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు కొన్నింటిలో ఏటా సభ్యత్వ రుసుము కట్టినా సీటు దొరుకుతుందన్న భరోసా లేదు. టికెట్టు కొనడానికి దరఖాస్తు పెట్టుకునే హక్కు మాత్రమే చేతికి వస్తుంది. సభ్యుడున్నాడు గాని సభ కనబడదు.

నేను తెలుగు పండితుణ్ని, క్రీడాకారుణ్ని కాను. అయినా ముప్పయ్యేళ్లకు పైగా ఈ మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ని గనుక, ఆటపిచ్చి ఎంతటిదో, దాని కోసం ఇంట్లో ఎన్ని అబద్ధాలు చెప్పి డబ్బులు పుట్టిస్తారో బాగా ఎరుగుదును. అందుచేత ఈ రుసుముల సంగతి కొంచెం చరిత్రలోకి వెళ్లి చూడాలనిపించింది. ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఇచ్చిన డబ్బుకు తగిన ఆట దొరుకుతున్నదా అన్నది ఒకటి, అది గిట్టుబాటు ప్రశ్న. డబ్బు ఇచ్చినవాడికి ఆ ఆటలో పాలు ఉన్నదా అన్నది రెండవది, అది న్యాయానికి చెందిన ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికితే రెండవదానికీ దొరికినట్లేనని అందరూ అనుకోవడం వల్లనే చిక్కంతా వస్తున్నదని నా అభిప్రాయం.

మన దేశంలో వేడుక చూడటానికి చెల్లింపును గురించి దొరికే పాత ఆధారాలలో కౌటిల్యుని అర్థశాస్త్రం ముఖ్యమైనది. 1905లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయంలో శ్యామశాస్త్రిగారి చేతికి దాని తాళపత్ర ప్రతి వచ్చింది. 1909లో అచ్చయింది. అందులో ప్రేక్ష అంటే ప్రదర్శన, వేడుక. ప్రేక్షకుడన్న మన మాటకు అదే తోబుట్టువు. రెండవ అధికరణంలో పరదేశం నుంచి వచ్చిన ఆటపాటల మేళం ఐదు పణాలు ప్రేక్షావేతనంగా చెల్లించాలని ఉంది. గమనించండి, అక్కడ రాజుకు కట్టేది చూసేవాడు కాదు, ఆడేవాడు.

ఇంకా విలువైన మాట మూడవ అధికరణంలో, గ్రామకట్టుబాట్లు చెప్పేచోట వస్తుంది. ఊరంతా కలిసి ఒక వేడుక పెట్టుకున్నప్పుడు తన అంశం, అంటే తన వంతు, ఇవ్వనివాడు తానూ చూడరాదు, తనవారూ చూడరాదు. చాటుగా చూసినా, చాటుగా విన్నా వంతుకు రెట్టింపు ఇచ్చుకోవాలి. అందరికీ మేలయిన పనికి అడ్డుపడి తన వంతు ఎగవేసిన వాడికీ అదే రెట్టింపు.

నన్ను ఆకట్టుకున్నది ఆ రెట్టింపు దండుగ కాదు, అంశం అన్న మాట. వెల అని గాని మూల్యం అని గాని అక్కడ అనలేదు. వెల ఇచ్చినవాడు కొనుగోలుదారు. అంశం ఇచ్చినవాడు వాటాదారు, ఆ వేడుక అతనిది కూడా. చాటుగా చూసినవాడి తప్పు ఊరితో పొత్తు తప్పడమే తప్ప దొంగతనం కాదు. వేడుకనూ ఊరుమ్మడి పనినీ ఒకే సూత్రంలో కట్టడంలోని ఉద్దేశం ఇదేననుకుంటాను.

ఊరుమ్మడి పని అనగానే మా ప్రాంతం వారికి కంభం చెరువు గుర్తుకు రాక మానదు. గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలంలో కట్టిన ఆ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఇటువంటి చెరువులూ కాలువలూ బాగుచేసుకోవడానికి ఆయకట్టు రైతులు చేయవలసిన మామూలు శ్రమకు మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలలో కుడిమరామత్తు అని పేరు. తమిళపు కుడికీ అరబ్బీ మరమ్మతుకూ దొరతనంవారు చేసిన పెండ్లి అది. 1858లో వచ్చిన నిర్బంధ శ్రమ చట్టం ఆ పనికి రానివాడు తన శ్రమ విలువకు రెట్టింపు కట్టాలన్నది. అర్థశాస్త్రం అప్పటికింకా బయటపడనే లేదు. అయినా లెక్క అదే రెట్టింపు.

దీన్ని బంగారు కాలమని పొగడటం నా ఉద్దేశం కాదు. ఆ శ్రమ భారం ఎవరి వీపుల మీద ఎక్కువ పడేదో, నీటి వంతులో ఎవరు ముందు ఎవరు వెనకో పల్లెల్లో పుట్టినవారికి చెప్పనక్కరలేదు. కాని ఒక సూత్రం మాత్రం నిలిచింది. వంతు పెట్టినవాడికి వంతు ఉండాలి. పెట్టించుకుని ఇవ్వకపోతే తగాదా తప్పదు.

ఆటల్లో ఈ సూత్రం మా వైపు ఇప్పటికీ ఎడ్ల పందెాల్లో కనబడుతుంది. తిరునాళ్లకో సంక్రాంతికో జరిగే బండలాగుడు పోటీలలో రెండుపళ్ల విభాగం, నాలుగుపళ్ల విభాగం, ఆరుపళ్ల విభాగం అంటూ ఎడ్లను వయసును బట్టి విడదీస్తారు. నిర్ణయించిన సమయంలో ఎక్కువ దూరం బండను లాగిన జతకు మొదటి బహుమతి. జతను తెచ్చిన రైతు ప్రవేశ రుసుము కడతాడు. బహుమతుల సొమ్ము దాతలు ఇస్తారు. చూడవచ్చిన వేలాది జనం దగ్గర మాత్రం పైసా తీసుకోరు. పరదేశపు మేళం ప్రేక్షావేతనం కట్టి, జనం ఊరికే చూసిన పద్ధతికి ఇది దగ్గరగా ఉంది.

అయితే ఉచితమన్న మాటను కూడా పట్టి చూడాలి. దాత పేరు మైకులో నిమిషానికొకసారి మోగుతుంది. ముందువరుస కుర్చీలు ఆయనకూ ఆయన వెంట వచ్చినవారికీ వేస్తారు. చందా ఎక్కువ రాసినవారి మాట కమిటీలో చెల్లుతుంది. ఎండలో గట్టు మీద నిలబడి చూసేవాడు డబ్బు ఇవ్వలేదు గనుక అడగడానికీ ఏమీ ఉండదు. అంటే ఇక్కడ కూడా వెల ఉన్నది, అది ఇంకొకరు కట్టారు, గౌరవం వారికి దక్కింది. దానికి గట్టు మీద ఉన్నవాడు నొచ్చుకోడు. ఎందుకంటే ఎవరేం ఇచ్చారో ఎవరికేం దక్కిందో అంతా బహిరంగం. నిన్ను సభ్యుణ్ని చేశామని ఎవ్వరూ అతనితో అనలేదు.

చందా అన్న మాట మనకు పారసీకం నుంచి వచ్చింది, రుసుము అరబ్బీ నుంచి. సుంకం మాత్రం సంస్కృత శుల్కానికి తద్భవం. తెలుగువాడు ఈ మూడింటినీ ఎక్కడివక్కడ వాడుకున్నాడు. సుంకం బలవంతాన వసూలు చేసేది, రుసుము ఒక పని కావడానికి కట్టేది, చందా ఇష్టపడి పదిమందితో కలిసి వేసుకునేది. పత్రికకు చందా కట్టినవాణ్ని చందాదారు అన్నాము గాని కొనుగోలుదారు అనలేదు. చందాలతో బతికిన పత్రికకు ఆ చందాదారులే దిక్కు అన్న భావం అందులో ఉంది.

మా తరం వారికి ఆట చెవి ద్వారా చేరింది. 1980ల నడుమ దాకా రేడియోకు లైసెన్సు ఉండేది. ఏటా తపాలా కచేరీకి వెళ్లి రుసుము కట్టి పుస్తకంలో బిళ్ల అంటించుకోవాలి. రేడియో ఉన్న ఇంటాయన కట్టేవాడు, వీధి వీధంతా ఆయన అరుగు మీద చేరి క్రికెట్ వ్యాఖ్యానం వినేది. కౌటిల్యుడు చూస్తే అంశం ఇవ్వకుండా విన్నారని అందరికీ రెట్టింపు వేసేవాడేమో! ఆ రుసుము కట్టినాయనకు అదనంగా దక్కింది కేవలం అరుగు మీద పెద్దరికమే. అయినా ఆయనకు అన్యాయం జరిగిందని ఆయనా అనుకోలేదు, మేమూ అనుకోలేదు.

ఇక సభ్యత్వం అన్నది అసలు అర్థంలో నడిచిన చోటు చూద్దాము. 1933లో క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియా ఏర్పడ్డప్పుడు జీవిత సభ్యత్వం వంద రూపాయలు. ఆ క్లబ్బు బొంబాయిలో కట్టించిన బ్రబోర్న్ స్టేడియం 1937లో తెరుచుకుంది. ఆనాడు బొంబాయిలో జనం ఎగబడి చూసిన పోటీ మతాలవారీ జట్లది. 1912 నుంచి యూరోపియన్లు, పార్సీలు, హిందువులు, ముస్లింలు నాలుగు జట్లుగా ఆడేవారు, 1937లో ఇతరులన్న పేరుతో ఐదవది చేరింది. కొత్త స్టేడియంలో మొదటి ఏడాదే తగాదా వచ్చింది. తన సభ్యులకు కేటాయించిన సీట్లు చాలవని హిందూ జింఖానా ఆ ఏడు పోటీకి జట్టునే పంపలేదు. మతం పేరిట ఆడుతున్న పోటీలో ఒక జట్టు తప్పుకున్నది మతం మీద కాదు, కుర్చీల మీద.

ఆ తగాదా అక్కడితో తీరలేదు. అదే స్టేడియంలో టెస్టు మ్యాచులకు తమకు వచ్చే టికెట్లు చాలవని బొంబాయి క్రికెట్ సంఘం క్లబ్బుతో ఏళ్ల తరబడి వాదులాడింది. చివరికి బ్రబోర్న్‌కు నడిచిపోగల దూరంలోనే సంఘం తన సొంత స్టేడియం కట్టుకుంది. అదే వాంఖడే. 1975 జనవరిలో వెస్టిండీస్‌తో అక్కడ మొదటి టెస్టు జరిగింది. ఒక నగరంలో రెండు పెద్ద స్టేడియాలు పక్కపక్కన ఉండటానికి కారణం ఆటగాళ్లు కాదు, సభ్యులు.

ఈ కథలో నాకు కనబడే నీతి ఇది. సభ్యత్వానికి నిజమైన హక్కు ఉన్నచోట సభ్యుడు పోట్లాడగలడు, పోట్లాటకు ఫలితం ఉంటుంది. కాని ఆ పోట్లాటంతా లోపలివారి మధ్యనే. స్టేడియం బయట నిలబడ్డ సామాన్య అభిమాని రెండు పక్షాలలోనూ లేడు. మన క్రికెట్ వ్యవస్థ ఇప్పటికీ ఆ రూపంలోనే ఉంది. 1928లో పుట్టిన బోర్డుకు సభ్యులు రాష్ట్ర సంఘాలు. ఆ సంఘాలకు సభ్యులు క్లబ్బులూ జిల్లా సంఘాలూ. అభిమాని ఎక్కడా సభ్యుడు కాడు.

గాలిలో ప్రయాణించే ప్రసారాల విషయంలో మాత్రం అభిమానికి కొంత చోటు దొరికింది. 1993 హీరో కప్ ప్రసారం మీద బెంగాలు క్రికెట్ సంఘానికీ ప్రభుత్వానికీ వచ్చిన తగాదాలో సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో ఆకాశతరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. 2007లో వచ్చిన చట్టం ప్రకారం, జాతీయ ప్రాముఖ్యం ఉన్నవిగా ప్రకటించిన పోటీల ప్రసారాన్ని ప్రైవేటు సంస్థలు ప్రసార భారతితో పంచుకోవాలి. భారత జట్టు ఆడే వన్డేలూ టీ20లూ ఆ జాబితాలో చేరాయి. ఐపీఎల్ చేరలేదు. దేశం పేర ఆడితే ప్రజల పాలు ఉంది, నగరం పేర ఆడితే లేదన్నమాట.

ఆ ఐపీఎల్ 2008లో మొదలయింది. మన హైదరాబాదు పేర డెక్కన్ చార్జర్స్ జట్టు వచ్చింది. 2009లో దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలో అది విజేత అయింది. మూడేళ్లు తిరిగేసరికి, 2012 సెప్టెంబరులో, యాజమాన్యపు ఆర్థిక ఇబ్బందుల నడుమ బోర్డు ఆ జట్టును రద్దు చేసింది. సన్ టీవీ వారు ఏడాదికి 85.05 కోట్లకు హక్కులు కొని 2013 నుంచి సన్‌రైజర్స్‌ను నిలిపారు. పేరు మారింది, రంగు మారింది. చార్జర్స్ చొక్కాలు కొనుక్కున్న పిల్లలు మా వీధుల్లోనూ ఉండేవారు. మీ జట్టును ఎత్తివేస్తున్నామని వారికి చెప్పినవారు లేరు, వారిని అడిగినవారు అసలే లేరు. వారు సభ్యులు కారు కదా, కొనుగోలుదారులు. కొన్న వస్తువు వారి దగ్గరే ఉంది, జట్టు లేదంతే.

ఇప్పుడు గిట్టుబాటు లెక్క చూద్దాము. 2023 నుంచి 2027 వరకు ఐదేళ్ల ప్రసార హక్కులను బోర్డు 2022 జూనులో 48,390 కోట్లకు అమ్మింది. ఆట ఒక్కింటికి 118 కోట్ల చిల్లర. అంత పెట్టినవారు ఎక్కడో రాబట్టుకోవాలి. 2023, 2024లలో ఫోనుల్లో ఉచితంగా చూపారు. 2025లో కాసేపు ఉచితంగా చూపి ఆపైన చందా అడిగారు. ప్రకటనలతో ఫోనులో చూసే చందా మూడు నెలలకు 149 రూపాయలు. ఆ ఏడు పోటీలు 74. అంటే ఆట ఒక్కింటికి రెండు రూపాయలు.

మార్కాపురంలో రెండు రూపాయలకు ఇవాళ గ్లాసెడు టీ కూడా రాదు. హైదరాబాదు వెళ్లి చూడాలంటే టికెట్టు వెల ఒకటి, రానుపోను ప్రయాణం, తిండి, ఒక రోజు కూలి పోవడం వేరు. ఆ లెక్కన మా వైపు అభిమానికి ఇంత చవకగా ఇంత ఆట చరిత్రలో ఎన్నడూ దొరకలేదని ఒప్పుకోవలసిందే. కబడ్డీకీ ఇదే మాట. మా బడి ఆవరణల్లో చెడుగుడుగా పేరుపడ్డ ఆట 2014లో ప్రో కబడ్డీ లీగు అయింది. తెలుగు టైటాన్స్ ఆటను ఇంట్లో కూర్చుని చూడగలిగాము. గిట్టుబాటు ప్రశ్నకు జవాబు దొరికింది.

న్యాయం ప్రశ్న అలాగే ఉన్నది. స్టేడియం తలుపు దగ్గరకు వెళ్లి చూడండి. 2018 నాటి బోర్డు నియమావళి ఉచిత పాసులను పదిశాతానికి కట్టడి చేసి, తక్కిన తొంభైశాతం జనానికి అమ్మాలన్నది. ఆ ఏడు అక్టోబరులో ఇందోరులో జరగవలసిన భారత్–వెస్టిండీస్ వన్డే, పాసుల పంపకం కుదరక విశాఖపట్నానికి తరలివచ్చింది. అక్టోబరు 24న విశాఖలో కోహ్లి పదివేల పరుగులు పూర్తిచేసి, ఆట సమంగా ముగిసినప్పుడు మన తెలుగువారు మురిసిపోయారు. ఆ భాగ్యం మనకు పట్టింది ఊరికే చూసేవారి తగాదా వల్లనని ఎందరికి తెలుసు?

2022 సెప్టెంబరు 22న సికిందరాబాదు జింఖానా మైదానంలో భారత్–ఆస్ట్రేలియా టీ20 టికెట్లు అమ్ముతుంటే తొక్కిసలాట జరిగి జనం గాయపడ్డారు. 2025 మార్చిలో ఉప్పల్‌లో సన్‌రైజర్స్‌కూ హైదరాబాదు క్రికెట్ సంఘానికీ మళ్లీ ఉచిత పాసుల మీదనే తగాదా రేగింది. ఒప్పందం ప్రకారం ఇచ్చే 3,900 పాసులు చాలవని సంఘంవారు ఒత్తిడి చేస్తున్నారని జట్టు ఆరోపించింది. ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. రెట్టింపు దండుగ వేయవలసిన చోటు ఇదేనేమో! ఊరికే చూసేవారి బరువు ఎప్పుడూ వరుసలో నిలబడ్డవారి మీదనే పడుతుంది. ఆ మీదట పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐపీఎల్ టికెట్ల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. వెయ్యి రూపాయల టికెట్టు 1,280 నుంచి 1,400 అయింది.

అయితే అంతా ఉచితం చేస్తే తీరిపోతుందా అంటే, అదీ కాదు. 2025 జూన్ 4న బెంగుళూరులో విజయోత్సవానికి ఉచిత ప్రవేశమని ప్రచారం జరిగి, లెక్కకు మించిన జనం చిన్నస్వామి స్టేడియం తలుపుల దగ్గర చేరి, 11 మంది ప్రాణాలు కోల్పోయారు. చోటుకు ఒక లెక్క ఉండాలి, లెక్కకు ఒక చీటీ ఉండాలి, చీటీకి ఒక వెల ఉన్నా తప్పులేదు. వెల మరీ తక్కువ పెడితే నడుమ బ్లాకువాడు తింటాడన్న వాదంలోనూ నిజం ఉంది. నా అభ్యంతరం వెల ఉండటానికి కాదు. వెలను అంశమని పిలవడానికి.

అంశాన్ని అంశంగానే ఉంచినవారు లోకంలో ఉన్నారు. జర్మనీలో ఫుట్‌బాల్ క్లబ్బులు కంపెనీలుగా మారడానికి 1998లో అనుమతి ఇచ్చినప్పుడే ఒక షరతు పెట్టారు. ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఓట్లలో సగానికి పైన ఒక ఓటు క్లబ్బు సభ్యుల చేతిలోనే ఉండాలి. అక్కడ డార్ట్‌మండ్ స్టేడియంలో ఒక వైపు దాదాపు 25,000 మంది నిలబడి చూసే చోటు ఉంది. దాన్ని ఖరీదైన కుర్చీలుగా మార్చకుండా ఉంచారు. స్పెయిన్‌లోని బార్సిలోనా క్లబ్బుకు లక్షకు పైగా సభ్యులు యజమానులు, అధ్యక్షుణ్ని వారే ఎన్నుకుంటారు. ఓటు ఉన్నంత మాత్రాన వివేకం వస్తుందని కాదు. అదే బార్సిలోనా 2021 నాటికి వంద కోట్ల యూరోలకు పైగా అప్పుల్లో కూరుకుని తన గొప్ప ఆటగాడు మెస్సీని నిలుపుకోలేకపోయింది. కాని ఆ అప్పు ఎవరు చేశారని అడిగే హక్కు, మరుసటి ఎన్నికలో దించే హక్కు సభ్యుడికి ఉన్నాయి.

ఓటు లేనిచోట కూడా అభిమానులు కలిస్తే పని జరిగింది. 2016 ఫిబ్రవరి 6న లివర్‌పూల్‌లో, అతిఖరీదు టికెట్టును 77 పౌండ్లు చేస్తామన్నందుకు నిరసనగా, ఆట 77వ నిమిషంలో వేలాదిమంది లేచి వెళ్లిపోయారు. నాలుగు రోజులలో యాజమాన్యం వెనక్కి తగ్గింది. అదే ఏడు ప్రీమియర్ లీగు, పరాయి ఊరి మైదానానికి వెళ్లి చూసే అభిమానుల టికెట్టును 30 పౌండ్లకు మించకుండా కట్టడి చేసింది. దూరం నుంచి వచ్చేవాడు అప్పటికే దారిఖర్చు పెట్టుకున్నాడన్న ఎరుక ఆ నిర్ణయంలో ఉంది. గిద్దలూరు నుంచి బస్సెక్కి ఉప్పల్ చేరే కుర్రవాడి సంగతి మన లీగులో ఎవరైనా ఇలా ఆలోచించారా?

నేను ఉద్యోగంలో చేరిన కాలంలో హైస్కూలు పిల్లలందరి దగ్గరా ఆటల రుసుమని వసూలు చేసేవారు. తరగతిలో నలభైమంది కడితే బంతి తాకేది పదిమంది. ఒక బడిలో బ్యాటూ నెట్టూ బీరువాలో తాళం పడి, తనిఖీకి వచ్చే దొరల కోసమే బయటికి వచ్చేవి. ఆ పిల్లలు కట్టింది చాలా కొద్ది మొత్తం. ఎవరికీ అది బరువు కాలేదు. అయినా ఒకసారి ఏడవ తరగతి పిల్లవాడొకడు లేచి, "అయ్యవారూ, మేము కట్టిన బంతి ఏదండీ?" అని అడిగాడు. కొద్ది మొత్తం కదా ఊరుకో అనడానికి నాకు నోరు రాలేదు. ప్రధానోపాధ్యాయుల వారితో మాట్లాడితే ఆ సాయంత్రమే బీరువా తెరిచారు. రెండు రూపాయల ఆటకూ ఇదే వర్తిస్తుంది. మొత్తం చిన్నదని ప్రశ్న చిన్నది కాదు.

ఇంత చెప్పాక, రేపటి నుంచి ప్రతి చందాదారుకూ ఓటు ఇవ్వండని నేను కోరబోవడం లేదు. ఫ్రాంచైజీ అంటేనే ఒకరి సొత్తు, అది అందరికీ తెలిసిన సంగతే. కోరదగినవి మూడు ఉన్నాయి. అమ్మేది ఏదో ఆ పేరుతోనే అమ్మాలి. చూసే అనుమతి అయితే చందా అనండి, సీటు అయితే టికెట్టు అనండి, ఓటో మాటో ఉంటేనే సభ్యత్వం అనండి. రెండవది, ప్రతి ఆటకూ ఎన్ని సీట్లు ఉన్నాయి, ఎన్ని ఏయే వెలకు అమ్మారు, ఎన్ని ఊరికే పంచారు అన్న లెక్క గోడ మీద రాయాలి. తిరునాళ్ల కమిటీ చందాల జాబితాను అందరికీ వినబడేలా చదవగలిగినప్పుడు, వేలకోట్ల లీగు చేయలేకపోవడానికి కారణం కనబడదు. మూడవది, జట్టు పేరు, రంగు, ఊరు మార్చేముందు, డబ్బు కట్టిన అభిమానులను ఒక్కమాట అడగాలి. వారి మాట చెల్లకపోయినా సరే, అడగడం మర్యాద.

అభిమాని అన్న మాట కూడా తమాషా అయినదే. సంస్కృతంలో దానికి గర్వం గలవాడని అర్థం. తెలుగులోకి వచ్చి అది ప్రేమగలవాడయింది. అయినా పాత అర్థం పూర్తిగా పోలేదు. అభిమానం చంపుకోలేక అంటాము, అభిమానవంతుడు అంటాము. అక్కడ ఆత్మగౌరవమని అర్థం. లీగులవారు మొదటి అర్థాన్ని బాగా ఎరుగుదురు, దాని మీదనే వారి వ్యాపారం. రెండవ అర్థాన్ని గుర్తుచేయవలసినవారు అభిమానులే. ఈసారి ఎవరైనా మిమ్మల్నో మీ ఇంటి పిల్లలనో సభ్యులుగా చేరమంటే డబ్బు కట్టవద్దని నేను అనను. ముందు మా ఏడవ తరగతి పిల్లవాడిలా లేచి నిలబడి, కట్టిన బంతి ఏదండీ అని అడగమనండి.